గడ్డకట్టే చలిలో అంజూర కొమ్మలకు వేర్లు తెప్పించడం: మొదటిసారి చేసేవాళ్ళకి సలహాలు కావాలి

చిగురు

అంజూర చెట్టు కొమ్మలు కొన్ని దొరికేలా ఉన్నాయి. ఆకులన్నీ రాలిపోయి చెట్టు నిద్రావస్థలో ఉంది. కొమ్మ నుంచి మొక్క తయారుచేయడం నాకు ఇదే మొదటిసారి. మా వైపు చలికాలంలో −20 డిగ్రీల దాకా పడుతుంది. వసంతం వచ్చేవరకు నేల గడ్డకట్టే ఉంటుంది కాబట్టి పనంతా ఇంట్లోనే జరగాలి. గదిలో 19–20 డిగ్రీలు ఉంటుంది, కిటికీ గట్టు మాత్రం బాగా చల్లగా ఉంటుంది.

నా సందేహాలు ఇవి. కొమ్మలు ఇప్పుడే కోసి దాచాలా, లేక వసంతం దగ్గరపడ్డాక కోయాలా? ఎంత పొడవు, ఎంత లావు ఉండాలి? నీళ్ళలో పెట్టాలా, మట్టిలోనా, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు)లోనా? రూటింగ్ హార్మోన్ లేకుండా పని జరగదా? అన్నిటికంటే ముఖ్యంగా, చాలామంది కొమ్మలకు రెండు మూడు ఆకులు చక్కగా వచ్చి, ఆ తర్వాత ఒక్కసారిగా వాడిపోయి చచ్చిపోయాయని రాస్తున్నారు. అలా ఎందుకు అవుతుంది? వేర్లు వచ్చిన మొక్కని మొదటి చలికాలం ఎలా దాటించాలి?

కణుపు

ఆకులు వచ్చి వాడిపోవడం దగ్గర మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

మొగ్గ విచ్చుకోవడానికి వేరు అక్కర్లేదు. కాస్త వెచ్చదనం, కొమ్మలో అంతకుముందే దాచుకున్న నీరు, పిండిపదార్థం ఉంటే చాలు. వెచ్చటి గదిలో పెడితే రెండు వారాల్లో ఆకులు వచ్చేస్తాయి. వేర్లకు మాత్రం మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ మధ్యకాలంలో ఆకుల నుంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది, కింద నుంచి తోడి పంపే వేరు ఉండదు. పైన పటారం, లోన లొటారం. దాచుకున్నది అయిపోయిన రోజు ఆకులు వేలాడిపోతాయి. అది చూసి నీళ్ళు తక్కువయ్యాయనుకుని మరికాస్త పోస్తారు, దాంతో కింది చివర కుళ్ళుతుంది. చనిపోయిన అంజూర కొమ్మల్లో ఎక్కువ భాగం ఈ దారినే పోతాయి.

కాబట్టి మనం చేయాల్సింది ఒకటే: మొగ్గని ఆలస్యం చేయాలి, వేరుని తొందరపెట్టాలి. కొమ్మ అడుగు భాగం 22–24 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి, పై భాగం అంతకంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉండాలి. తడి మీరనుకునే దానికంటే తక్కువ ఉండాలి.

కొమ్మ ఎంపిక: గడిచిన వేసవిలో పెరిగి ముదిరిన కొమ్మ తీసుకోండి. పెన్సిల్ లావు నుంచి బొటనవేలు లావు దాకా పనికొస్తుంది. ఆకుపచ్చగా, నొక్కితే మెత్తగా ఉండే కొసలు వద్దు. వాటిలో నిల్వ తక్కువ, త్వరగా కుళ్ళుతాయి. పొడవు 15–20 సెంటీమీటర్లు, కణుపులు కనీసం మూడు, నాలుగుంటే మంచిది. కణుపులు దగ్గరదగ్గరగా ఉన్న కొమ్మ దొరికితే దాన్ని వదలకండి, ఎందుకంటే వేర్లు ఎక్కువగా కణుపు దగ్గరే పుడతాయి. కింది కోత కణుపుకి అర సెంటీమీటరు కింద ఏటవాలుగా, పై కోత పై మొగ్గకి రెండు సెంటీమీటర్లు పైన అడ్డంగా కోయండి. ఇలా రెండు రకాలుగా కోస్తే ఏది పైన, ఏది కింద అన్న అయోమయం ఉండదు. తలకిందులుగా గుచ్చిన కొమ్మకి మొక్క సరిగ్గా రాదు. సికేచర్ (కొమ్మలు కోసే కత్తెర) పదునుగా ఉండాలి, మొండిదైతే బెరడు నలుగుతుంది, నలిగిన చోట బూజు మొదలవుతుంది.

కోసినచోట తెల్లటి పాలు కారతాయి. చర్మానికి తగిలాక ఎండ పడితే బొబ్బలెక్కుతుంది. చేతి తొడుగులు వేసుకోండి, కళ్ళకి తగలనివ్వకండి.

ఎప్పుడు కోయాలంటే, మీ చలికి ఇప్పుడే కోసి దాచడం మేలు. −12 దాటి దిగితే చెట్టు మీద ఉన్న కొమ్మే చచ్చిపోవచ్చు. కోసినవాటిని ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్ళు కలిపిన ద్రావణంలో ఒకటి రెండు నిమిషాలు ముంచి, మంచినీళ్ళతో కడిగి, పైతడి పూర్తిగా ఆరనివ్వండి. పై కోతకి కొవ్వొత్తి మైనం అద్దండి. చెమ్మ మాత్రమే తగిలే కాగితంలో చుట్టి, జిప్ కవర్లో పెట్టి, ఫ్రిజ్‌లో 1–4 డిగ్రీల మధ్య ఉంచండి. ఫ్రీజర్‌లో కాదు. పండిన పండ్లు ఉండే అరకి దూరంగా పెట్టండి, వాటి నుంచి వెలువడే ఇథిలీన్ మొగ్గలకు మంచిది కాదు. ఇలా రెండు మూడు నెలలు నిశ్చింతగా ఉంటాయి. నెలకోసారి తీసి చూడండి: కవరు లోపల నీటిబొట్లు కనిపిస్తే తడి ఎక్కువైంది, కాగితం మార్చండి. బెరడు ముడతలు పడుతుంటే తడి తక్కువైంది.

మొదలుపెట్టే సమయం కూడా లెక్కే. మీ దగ్గర ఆఖరి మంచు పడే తేదీ నుంచి 8–10 వారాలు వెనక్కి వెళ్ళండి, ఆ రోజు ఫ్రిజ్‌లోంచి తీయండి. అంతకంటే ముందే మొదలుపెడితే లేత మొక్కని నెలల తరబడి ఇంట్లో దీపాల కింద సాకాల్సి వస్తుంది.

ఇక నాటే మిశ్రమం. తోటమట్టి వద్దు, ఎరువు కలిపిన మట్టి అసలు వద్దు. మూడు పాళ్ళు పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి పలుకులు), రెండు పాళ్ళు కోకోపీట్ కలపండి. పెర్లైట్ ముందుగా జల్లించి, సన్నటి పొడి పారేయండి, లేదంటే అది అడుక్కి చేరి నీటిని పట్టేస్తుంది. కోకోపీట్‌ని తడిపి, గట్టిగా పిండి, ఆ తర్వాతే కలపాలి. కలిపాక ఒక గుప్పెడు తీసుకుని బలమంతా పెట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా వస్తే పరిచి కొన్ని గంటలు ఆరబెట్టండి.

పాత్రగా 900 మిల్లీలీటర్ల నుంచి లీటరు పట్టే పొడవాటి పారదర్శక ప్లాస్టిక్ గ్లాసు వాడండి. అడుగున నాలుగైదు, అడుగుకి దగ్గరగా పక్కల్లో మరో నాలుగు చిల్లులు పెట్టండి. గ్లాసుకి ఒక్క కొమ్మే. కొమ్మని గ్లాసు మధ్యలో పెట్టి చుట్టూ మిశ్రమం పోయండి, పై మొగ్గ ఒక్కటే బయట ఉండాలి. మిశ్రమాన్ని వేలితో కూరకండి, గ్లాసుని బల్ల మీద రెండుసార్లు తట్టండి, అదే సర్దుకుంటుంది. వేర్లకి వెలుతురు తగలకుండా గ్లాసు చుట్టూ నల్ల కాగితం చుట్టి, చూడాలనుకున్నప్పుడు తీయండి.

అన్ని గ్లాసుల్ని మూత ఉన్న పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, డబ్బా కింద హీట్ మ్యాట్ (కరెంటుతో వెచ్చబడే పలచటి పరుపు) వేయండి. వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ మొనని మ్యాట్ మీద కాదు, ఒక గ్లాసులోని మిశ్రమంలోకి గుచ్చండి. మ్యాట్ 24 చూపిస్తున్నా గ్లాసు లోపల అంతకంటే తక్కువ ఉండటం మామూలే. ఆకులు వచ్చేవరకు వెలుతురుతో పనిలేదు.

మొదటి రోజు ప్రతి గ్లాసు బరువు తూచి దాని మీదే రాసేయండి. 60–80 గ్రాములు తగ్గినప్పుడు మాత్రమే అంత నీరు, అదీ గోరువెచ్చగా, గ్లాసు అంచు వెంట పోయండి. మూత వేసిన డబ్బాలో మొదటి రెండు మూడు వారాలు నీళ్ళ అవసరమే రాకపోవచ్చు.

హార్మోన్ సంగతి: అంజూరకి తప్పనిసరి కాదు. వాడాలనుకుంటే ఐబీఏ అనే రూటింగ్ హార్మోన్ 0.3 శాతం ఉన్న పొడి చాలు. కింది రెండు సెంటీమీటర్లకి అద్ది, అదనంగా అంటినది తట్టి రాల్చేయండి. ఎక్కువైతే కొమ్మ అడుగు మాడినట్టు నల్లబడుతుంది.

కొమ్మరెమ్మ

కణుపు గారు చెప్పినదానికి ఒక చేర్పు. కింది భాగంలో ఒక పక్క, మూడు సెంటీమీటర్ల పొడవున బెరడుని పైపైన గీరండి, ఆకుపచ్చ పొర కనిపించేంత వరకే. ఆ గీత అంచుల వెంట కూడా వేర్లు వస్తాయి. ముదురు, లావు కొమ్మలకు ఇది హార్మోన్ కంటే ఎక్కువ ఉపయోగపడుతుందన్నది నా అభిప్రాయం. చెక్క కనిపించేలా లోతుగా గీరితే మాత్రం అది వేర్ల కంటే ముందు కుళ్ళుని పిలుస్తుంది.

మొదటిసారి కాబట్టి మరో మాట. అన్ని చెట్లూ ఇలా కొమ్మ నుంచి రావు. ఏది వస్తుంది, ఏది రాదు అని తెలుసుకోకపోతే శ్రమ వృథా అవుతుంది. విల్లో, పాప్లార్ జాతులకి బెరడు లోపల వేరు మూలాలు ముందే తయారై ఉంటాయి. వసంతంలో నేల కరగగానే 25–30 సెంటీమీటర్ల ముక్కని ముప్పావు వంతు మట్టిలోకి గుచ్చితే చాలు, హీట్ మ్యాట్ గొడవే లేదు. అంజూర, దానిమ్మ, ద్రాక్ష, తెల్ల మల్బరీ వీటి తర్వాతి వరస. నల్ల మల్బరీ మొండిది, ఎక్కువ కాలం పడుతుంది. ఆపిల్, చెర్రీ, పియర్ పండ్ల రకాల్ని కొమ్మ గుచ్చి పెంచాలని చూడకండి. వాటికి అంటు కట్టడమే దారి. ఓక్, వాల్‌నట్ అయితే ఇంకా కష్టం, వాటిని విత్తనంతో మొదలుపెట్టండి. మొదటి ప్రయత్నానికి మీరు అంజూరని ఎంచుకోవడం సరైనదే. పక్కనే రెండు విల్లో కొమ్మలు కూడా పెట్టుకుంటే వేరు ఎలా పుడుతుందో కళ్ళారా చూడొచ్చు.

చలి దేశాల పాత నర్సరీల్లో ఇంకో పద్ధతి ఉంది. శరదృతువులో కోసిన కొమ్మల్ని కట్టకట్టి, తలకిందులుగా ఇసుక గోతిలో పాతిపెడతారు, మొదలు పైకి, కొస కిందికి. వసంతంలో ఎండకి ముందు వెచ్చబడేది నేల పైపొరే. దాంతో మొదలుకి వెచ్చదనం తగిలి క్యాలస్ (కోత మీద ఏర్పడే కణజాలపు గడ్డ) కడుతుంది, లోతున చల్లగా ఉన్న మొగ్గలు నిద్రలోనే ఉంటాయి. ఆ తర్వాత తీసి మామూలుగా నిటారుగా నాటుతారు. హీట్ మ్యాట్‌తో మనం చేసేది ఇదే సూత్రం. ద్రాక్షకి బాగా పనిచేస్తుంది. −20 చలిలో అంజూరకి మాత్రం బయట గొయ్యి వద్దు, మట్టిలోనే గడ్డకట్టి చస్తుంది.

చిగురు

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలండీ. ఇంకొన్ని అడుగుతాను. హీట్ మ్యాట్ లేకపోతే గదిని వేడిచేసే రేడియేటర్ మీద పెట్టొచ్చా? నీళ్ళ గ్లాసులో పెట్టడం సులువు కదా, అలా చేయకూడదా? బూజు కనిపిస్తే కొమ్మ పారేయాలా? అసలు కొమ్మ బతికుందో లేదో పీకి చూడకుండా ఎలా తెలుస్తుంది?

వేరుపట్టు

రేడియేటర్ మీద నేరుగా వద్దు. పై పలక 50 డిగ్రీలు దాటిపోవచ్చు, రాత్రి ఆపితే చల్లబడిపోతుంది. దాని మీద రెండు చెక్కలు అడ్డంగా వేసి, వాటి మీద పలక పెట్టి, ఆ పలక మీద డబ్బా ఉంచండి. మిశ్రమంలో థర్మామీటర్ గుచ్చి ఒక రోజంతా గమనించండి. 20–25 మధ్య ఉంటే చాలు, 28 దాటనివ్వకండి. అంత వేడిలో వేరు కంటే బూజు ముందు పెరుగుతుంది. ఇది కుదరకపోతే గదిలో ఎత్తైన అర మీద పెట్టండి, పైన గాలి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ వెచ్చగా ఉంటుంది. 20 డిగ్రీల్లో కూడా అంజూర వేరు పడుతుంది, కాకపోతే ఆరు వారాలు, ఎనిమిది వారాలు ఆగాలి. మీ కిటికీ గట్టు మాత్రం ఆకులు రాకముందు పనికిరాదు. అక్కడ కొమ్మ మొదలు చల్లబడి, ఎండ తగిలి కొస వేడెక్కుతుంది. మనకి కావలసిందానికి సరిగ్గా తిరగేసి.

నీళ్ళలో అంజూరకి వేర్లు వస్తాయి, రావని కాదు. ఇబ్బంది ఆ తర్వాతే. నీళ్ళలో పుట్టిన వేరు పెళుసుగా, వేరుకేశాలు తక్కువగా ఉంటుంది. మట్టిలోకి మార్చినప్పుడు చాలావరకు చచ్చి, కొత్తవి మళ్ళీ పుట్టాలి. ఆలోపు ఆకులు విచ్చుకుని ఉంటాయి కాబట్టి మళ్ళీ అదే ప్రమాదం. అయినా చేయాలనుకుంటే అడుగు మూడు నాలుగు సెంటీమీటర్లే మునగనివ్వండి, రెండు రోజులకోసారి నీళ్ళు మార్చండి, వేరు సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు ఉండగానే పెర్లైట్ మిశ్రమంలోకి మార్చండి. పొడవు పెరిగేదాకా ఆగితే విరుగుతాయి.

బతికుందో లేదో తెలియడానికి పీకక్కర్లేదు. పైన బయట ఉన్న బెరడు మీద గోటితో ఆవగింజంత గీకండి. కింద లేత ఆకుపచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ భాగం పోయింది. అలా పైన పోయినా కింద పచ్చగా ఉండొచ్చు, ఎండిన భాగం కోసేసి ఆగండి.

గ్లాసు గోడ చాలా చెబుతుంది. లోపలి వైపు సన్నటి ఆవిరి, అక్కడక్కడా చిన్న బొట్లు ఉంటే తడి సరిపోయినట్టు. బొట్లు కలిసి ధార కడుతుంటే ఎక్కువైంది, మూత తీసి రెండు రోజులు ఆరనివ్వండి. అసలు ఆవిరే లేకపోతే తూచి చూసి నీళ్ళు పోయండి. గ్లాసు అడుగున కోకోపీట్ నల్లగా, పైన గోధుమరంగుగా కనిపిస్తే నీరు కిందికి దిగి నిలుస్తోందని అర్థం. పక్క చిల్లులు చాల్లేదు.

కొత్తవాళ్ళని ఎక్కువగా మభ్యపెట్టేది బెరడు మీది తెల్ల చుక్కలు. తేమలో అంజూర బెరడు మీదున్న శ్వాసరంధ్రాలు ఉబ్బి, తెల్లగా, పిండి పిండిగా కనిపిస్తాయి. అవి వేర్లు కావు. ఆ చుక్కలు కొమ్మంతా చెల్లాచెదురుగా ఉంటాయి, కొసలు మొద్దుగా ఉంటాయి, రోజులు గడిచినా పొడవు పెరగవు. అసలు వేరు మొన సూదిగా ఉంటుంది, బెరడుని చీల్చుకుని వస్తుంది, రెండు మూడు రోజుల్లో తేడా తెలిసిపోతుంది. చుక్కలు మరీ పెద్దవై పొరలు రాలుతుంటే తేమ తగ్గించమని కొమ్మ చెబుతున్నట్టే.

బూజు విషయానికొస్తే, బెరడు మీద పైపైన తెల్లటి దూదిలాంటిది ఉంటే పారేయకండి. పలచటి బ్లీచ్ నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, మూతని రోజుకి పది నిమిషాలు తెరవండి. బెరడు మెత్తబడి, గోధుమ నలుపు రంగుకి తిరిగి, పుల్లటి వాసన వస్తుంటే అది కుళ్ళు. అప్పుడు బయటికి తీసి, లోపల శుభ్రమైన తెల్ల చెక్క, పచ్చ పొర కనిపించేంత పైకి కోసి, రెండు కణుపులు మిగిలితే కొత్త మిశ్రమంలో మళ్ళీ పెట్టండి. పాత మిశ్రమం వేరే కొమ్మకి వాడకండి.

ఆకులు రాకుండా బుల్లి కాయలు వచ్చినా ఆశ్చర్యపోకండి. బఠాణీ గింజంత ఉన్నప్పుడే గిల్లేయండి, దాచుకున్న శక్తిని అవే తినేస్తాయి.

ఇంకా, మిశ్రమం మీద చిన్న చిన్న నల్ల ఈగలు ఎగురుతుంటే తేలిగ్గా తీసుకోవద్దు. వాటిని ఫంగస్ నాట్స్ అంటారు. ఈగ వల్ల హాని లేదు, దాని పిల్లపురుగు లేత వేర్ల కొసలు కొరుకుతుంది. తడి కోకోపీట్ ఉన్నచోట గుడ్లు పెడుతుంది. మిశ్రమం పైన రెండు సెంటీమీటర్ల మందాన పొడి పెర్లైట్ పరచండి, పసుపు జిగురు అట్టలు పెట్టండి, పోసే నీళ్ళలో బీటీఐ కలపండి. బీటీఐ అంటే బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇస్రాయెలెన్సిస్ అనే బాక్టీరియా, పిల్లపురుగుల్ని మాత్రమే చంపుతుంది. ఈగల ఒక తరం పూర్తవడానికి మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి అన్నాళ్ళూ ఆపకుండా వాడాలి.

కణుపు గారు డబ్బాకి మూత వేయమన్నారు, ఎప్పుడు తీయాలో చెప్పలేదు. ఆకులు వచ్చాక కూడా మూత వేసి ఉంచితే ఆకులు తేమకి అలవాటుపడిపోతాయి. మొదటి ఆకు విచ్చుకోగానే మూత తీయడం మొదలుపెట్టాలని నా మాట.

కణుపు

మొదటి ఆకుకే తీయడం తొందరపాటవుతుంది. వేరు కనబడని కొమ్మకి తేమ ఒక్కటే ఆధారం. గ్లాసు గోడకి రెండు మూడు వేర్లు ఆనుకుని కనబడ్డాకే మొదలుపెట్టండి: మొదటి రోజు మూత ఒక అంగుళం పక్కకి, రెండు రోజులకి సగం, వారానికి పూర్తిగా. మధ్యలో ఆకు వాలితే ఒక మెట్టు వెనక్కి. అయితే వేరుపట్టు గారు చెప్పిన భయం నిజమైనదే. ఆకులు రెండు వచ్చి వేరు ఇంకా లేకపోతే, పెద్ద ఆకుని సగానికి అడ్డంగా కోసేయండి, ఆవిరి తగ్గుతుంది.

కుండీతోట

వేర్లు వచ్చాక సంగతి నేను చెబుతాను, చాలామంది మొక్కలు పోగొట్టుకునేది అక్కడే.

తెల్ల వేర్లు కనబడగానే మార్చకండి. అవి గాజు పుల్లల్లా విరుగుతాయి. గోడ వెంట చుట్టూ తిరిగి, కొన్ని లేత గోధుమరంగుకి మారి, పక్కవేర్లు వేసేదాకా మరో రెండు మూడు వారాలు ఆగండి. అప్పుడు గ్లాసుని రెండు వైపులా కత్తెరతో నిలువుగా చీల్చి, గడ్డ చెదరకుండా 3–4 లీటర్ల కుండీలో దించండి. పట్టుకుని లాగితే పెర్లైట్ అంతా రాలి వేర్లు వేలాడతాయి. కుండీ మిశ్రమంలో మూడో వంతు పెర్లైట్ ఉండాలి. అందులో అన్నివైపులా ఒకసారి నీళ్ళు పట్టించి, మళ్ళీ పై రెండు మూడు సెంటీమీటర్లు ఆరేదాకా పోయవద్దు. వారం రోజులు ఆకులు కొంచెం వాలినా కంగారుపడకండి, ఎరువు వేయకండి. కొత్త ఆకు వచ్చిందంటే వేరు పట్టిందని అర్థం. అప్పటినుంచి నీటిలో కరిగే సమతుల ఎరువు డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతు, రెండు వారాలకోసారి.

ఆకులు వచ్చిన రోజు నుంచి వెలుతురు కావాలి. ఎల్ఈడీ దీపం ఆకులకి 20–30 సెంటీమీటర్ల ఎత్తున, రోజుకి 14–16 గంటలు. కాండం సన్నగా సాగి కణుపుల మధ్య దూరం పెరుగుతుంటే దీపాన్ని దింపండి.

బయటపెట్టడం ఆఖరి మంచు దాటాకే. ఇంట్లో పుట్టిన ఆకు ఎండ ఎరగదు. ఒక్క మధ్యాహ్నం నేరుగా ఎండలో పెడితే తెల్లగా మాడిపోతుంది. మొదటి మూడు రోజులు నీడలో గంట, రెండు గంటలు. తర్వాత ఉదయపు ఎండ. పది రోజుల్లో పూర్తి ఎండ. రాత్రి 8 డిగ్రీల కంటే తగ్గేట్టుంటే లోపలికి తెచ్చేయండి.

మొదటి వేసవి అంతా కుండీలోనే ఉంచండి. వేసవి చివరికొచ్చేసరికి ఎరువు పూర్తిగా ఆపేయాలి. నత్రజని అందుతూ ఉంటే మొక్క లేత చిగుళ్ళు వేస్తూనే ఉంటుంది, ఆ లేత కొమ్మ చలికి నిలబడదు. శరదృతువులో −1, −2 డిగ్రీల మంచు ఒకటి రెండుసార్లు తగిలితే ఆకులు రాలతాయి, అది మంచిదే. −5కి దిగేలోపు మాత్రం లోపలికి తీసుకురండి. ముదిరిన చెట్టు −10, −12 తట్టుకుంటుందని విని ఏడాది మొక్కని వదిలేయవద్దు. కుండీలో వేర్లకి చలి నలువైపుల నుంచీ తగులుతుంది.

చలికాలపు చోటు ఎలా ఉండాలంటే: వేడి పెట్టని గరాజ్ గానీ నేలమాళిగ గానీ, 0 నుంచి 7 డిగ్రీలు. ఆకులు లేవు కాబట్టి చీకటి ఫర్వాలేదు. మూడు నాలుగు వారాలకోసారి ఒక కప్పు నీళ్ళు, మట్టి ఎముకలా ఎండిపోకుండా ఉంటే చాలు. 10 డిగ్రీలు దాటే చోట పెడితే నడి చలికాలంలో మేలుకుని, వెలుతురు లేక పాలిపోయిన చిగుళ్ళు వేస్తుంది. గరాజ్ −5 కంటే చల్లబడే రాత్రులుంటే కుండీని గోడవైపు జరిపి, పాత దుప్పటి చుట్టి, కింద థర్మాకోల్ పలక వేయండి. ఎలుకలు తిరిగే చోటైతే కాండం చుట్టూ సన్నటి ఇనుప జాలి కట్టండి, అవి బెరడు చుట్టూ కొరికేస్తే మొక్క ఇక లేనట్టే.

రకం గురించి ఎవరూ చెప్పలేదు. కొమ్మ తీసుకునే ముందే అడగండి, అది సాధారణ అంజూర రకమేనా అని. స్మిర్నా రకానికి బ్లాస్టోఫాగా అనే కందిరీగ పరాగసంపర్కం చేస్తేనే కాయ నిలుస్తుంది. మీ చలిలో ఆ కందిరీగ ఉండదు, చెట్టు ఎంత బాగా పెరిగినా కాయలన్నీ రాలిపోతాయి. సాధారణ రకాల్లో షికాగో హార్డీ, ఫ్లోరియా, రోండ్ ద బోర్డో చలి ప్రాంతాలవాళ్ళు ఎక్కువగా పెంచేవి. తల్లిచెట్టు ఆకుల మీద పసుపు మచ్చలు, వంకరలు ఉండేవా అని కూడా కనుక్కోండి. అంజూర మొజాయిక్ వైరస్ కొమ్మతోపాటే వస్తుంది, ఎంత కడిగినా పోదు.

చిగురు

రెండో ఏడాది నేలలో నాటొచ్చా, లేక ఎప్పటికీ కుండీయేనా?

కుండీతోట

−20 అంటే కుండీయే భద్రం. రెండో ఏడు 10–12 లీటర్లు, ఆ తర్వాత 25–40 లీటర్ల కుండీలో చక్కగా కాస్తుంది.

నేలలోనే కావాలనుకుంటే దక్షిణం ఎండ తగిలే గోడ పక్కన, వసంతంలో మంచు పోయాక నాటండి. కుండీలో ఉన్న లోతుకంటే 10–15 సెంటీమీటర్లు లోతుగా దించండి. శరదృతువులో కాండాన్ని పొట్టిగా కోసి, 30 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులు పోసి, తడి దిగకుండా పైన టార్పాలిన్ పట్టా కప్పండి. నేలపైనున్నదంతా చలికి పోయినా మట్టిలో పూడిన కణుపుల నుంచి మళ్ళీ చిగురిస్తుంది. అంటు కట్టిన మొక్కైతే కింద నుంచి వేరే రకం వచ్చేది. ఇది కొమ్మ నుంచి సొంత వేర్లతో పెరిగింది కాబట్టి వచ్చేది అదే రకం. షికాగో హార్డీ లాంటివి ఆ ఏడాది పుట్టిన కొమ్మ మీదే కాస్తాయి. కాకపోతే మీ వేసవి పొట్టిదైతే అవి పండేలోపే చలి రావచ్చు. అందుకని ఒక మొక్క నేలలో పెట్టినా, అదే రకం ఇంకొకటి కుండీలో ఉంచుకోండి.